‘కోసం’, ‘ద్వారా’, ‘తో’: సమాధుల పండుగ ముందు ఒక కోడలి ప్రశ్నలకి జవాబు

అమ్మా, మీరు రాసింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, చదివేవాళ్ళందరికీ విషయం తెలియాలి కదా. మీది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. పెళ్ళై మద్రాసు పెరంబూరులో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటికి కోడలిగా వచ్చారు. జూన్‌లో అత్తగారు పోయారు. నవంబరు 2న, చనిపోయినవాళ్ళని తలుచుకునే సమాధుల పండుగ పొద్దున్నే, గుడిలో ఆవిడ పేరు మీద పూజ (మాస్), తర్వాత కీల్పాక్ సమాధుల తోట. ‘చచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తే నీ రక్షణ పోతుంది, అక్కడ అడుగుపెట్టకు’ అని అమ్మగారు ఫోనులో అన్నారు. ‘ముప్పై పూజలు చేయిస్తే గాని మా చెల్లెలు ఉత్తరించు స్థలంలోంచి బయటపడదు’ అని ఇక్కడ మీవారి పెద్దమ్మ గారు అంటున్నారు. ఉత్తరించు స్థలం అంటే పరలోకం చేరేముందు ఆత్మలు శుద్ధి అవుతాయని కతోలికులు నమ్మే చోటు, ఇంగ్లీషులో పర్గటరీ. వెళ్ళాలా, వెళ్తే ఏం చెయ్యాలి, సాయంత్రం జపమాలలో కూర్చోవచ్చా, ముప్పై పూజలకి ఎంత అవుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

నేను కతోలికుణ్ణి, ఉపదేశిగా పనిచేసేవాణ్ణి. ఆ సంగతి తెలుసుకుని చదవండి. మీ అమ్మగారి మాటలో బలం ఉన్నచోట అదీ చెప్తాను.

ముందు రక్షణ సంగతి, మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి. మీ ఇంట్లో ఉన్న పాత తెలుగు బైబిల్లోనే మూడు చోట్ల క్రియాపదం చూడండి. ఎఫెసీయులకు 2:8లో ‘కృపచేతనే రక్షింపబడియున్నారు’, 1 కొరింథీయులకు 1:18లో ‘రక్షింపబడుచున్న మనకు’, రోమీయులకు 5:9లో ‘ఉగ్రతనుండి రక్షింపబడుదుము’. అయిపోయింది, అవుతోంది, అవుతుంది. మూడూ పౌలు రాసినవే. బాప్టిస్టు బోధ మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నువ్వు ఏ రోజు రక్షింపబడ్డావు అని అడిగితే తేదీ చెప్పగలిగినవాళ్ళు మీ సంఘంలో ఎంతోమంది ఉంటారు. కతోలికులు మూడోదాన్ని ఎప్పుడూ కళ్ళముందు పెట్టుకుంటారు కాబట్టి ‘నేను రక్షింపబడ్డాను’ అని గట్టిగా అనడానికి వెనకాడతారు, ‘ఆశిస్తున్నాను’ అంటారు. మీ అమ్మగారి చెవికి అది అవిశ్వాసంలా వినిపిస్తుంది. మీ అత్తింటివాళ్ళకి మీ అమ్మగారి ధీమా గర్వంలా కనిపిస్తుంది. ఒకరు చెప్తున్నది దేవుడు చేసిన పని గురించి, ఇంకొకరు భయపడుతున్నది మనిషి జారిపోవడం గురించి.

‘ఆర్‌సీఎం వాళ్ళు పుణ్యకార్యాలతో రక్షణ కొనుక్కుంటారు’ అన్న మాట మాత్రం తప్పు. కృప లేకుండా సొంత క్రియలతో మనిషి దేవుని ముందు నీతిమంతుడు కాగలడు అనేవాడిని కతోలిక బిషప్పుల త్రెంతు మహాసభ 1547లో మొట్టమొదటి నిబంధనలోనే శపించింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక శ్రీసభ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల ఏమీ కాదు, కృపవల్లనే, క్రీస్తు చేసిన రక్షణ కార్యం మీద విశ్వాసంతో దేవుడు మనల్ని స్వీకరిస్తాడు, ఆ తర్వాత మంచి పనులకి మనల్ని సిద్ధం చేస్తాడు అని దాని సారాంశం. 2006లో మెథడిస్టులూ, 2017లో రిఫార్మ్‌డ్ (కాల్విన్ బాటలోని) సంఘాలూ దానితో కలిశాయి. బాప్టిస్టులు అందులో లేరు, కాబట్టి మీ అమ్మగారి పాస్టరు గారు దాన్ని ఒప్పుకోవాలని లేదు. కానీ కతోలికులు ఏం నమ్ముతారో కతోలికులు సంతకం పెట్టిన కాగితం చూసి చెప్పాలి గదా.

తేడా మిగలలేదని కాదు. ‘నీతిగా ఎంచబడెను’ అన్న రోమా 4:3 మాట దగ్గర నిజమైన తేడా ఉంది. దేవుడు పాపిని నీతిమంతుడిగా ఎంచుతాడు, ఆ నీతి క్రీస్తుది, అది మనమీద కప్పిన వస్త్రం అంటుంది మీ బోధ. దేవుడు ఎంచినవాడిని లోపలనుంచి నిజంగా మారుస్తాడు, ఆ మార్పు కూడా నీతిమంతులుగా తీర్చబడటంలో భాగమే అంటుంది కతోలిక బోధ. ఆ మార్పు చావు నాటికి పూర్తికాకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలోంచే ఉత్తరించు స్థలం బోధ వచ్చింది. ఈ లంకె తెలియకపోతే మిగతాదంతా మూఢనమ్మకంలా కనిపిస్తుంది.

ఇక చనిపోయినవాళ్ళ సంగతి. ఇక్కడ తెలుగు విభక్తులే మనకి సాయం. ‘చనిపోయినవాళ్ళ కోసం’ ప్రార్థించడం ఒకటి. చనిపోయిన పునీతుల (సెయింట్ల) ‘ద్వారా’ ప్రార్థించడం రెండోది. చనిపోయినవాళ్ళ‘తో’ మాట్లాడటం మూడోది. మీ అమ్మగారు మూడిటినీ ఒకే మూటగట్టి సైతాను పని అంటున్నారు. ఈ మూడిటికీ జవాబులు వేరు.

మూడోదానితో మొదలుపెడతాను, రెండు సంఘాలూ ఒకే మాట చెప్పేది అక్కడే. ద్వితీయోపదేశకాండము 18:10-12 సోదె అడగడాన్నీ, చచ్చినవారిని సంప్రదించడాన్నీ హేయం అంటుంది. సౌలు రాజు ఏన్దోరులో సోదె చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏం తెచ్చుకున్నాడో 1 సమూయేలు 28లో ఉంది. కతోలిక బోధ కూడా దీన్ని పూర్తిగా నిషేధిస్తుంది. కాబట్టి సమాధి దగ్గర ఎవరైనా ‘అమ్మ కలలోకి వచ్చి ఏదో అడిగింది, ఫలానా వాళ్ళని పిలిపించి కనుక్కుందాం’ అంటే మీరు రానని చెప్పండి. అలా చెప్పడంలో మీరు కతోలిక శ్రీసభ పక్షానే ఉన్నట్టు. ఆత్మ తినడానికి వస్తుందని సమాధి మీద ఇష్టమైన వంటకం పెట్టడం కూడా కొందరు చేస్తారు. శ్రీసభ అలా నేర్పలేదు. ఆ వంటకం ఆవిడ పేరు మీద ఆకలితో ఉన్నవాళ్ళకి పెట్టిద్దామని మీరే అనండి, ఎవరూ నొచ్చుకోరు.

‘కోసం’ దగ్గరికి వద్దాం. సమాధి దగ్గర ఫాదర్ గారు చెప్పే ప్రార్థన అర్థం ఇంతే: ప్రభువా, వీరికి నిత్య విశ్రాంతి దయచేయండి, నిత్య ప్రకాశం వీరిమీద ప్రకాశింపజేయండి. అడుగుతున్నది ఎవరిని? ప్రభువుని. ఇచ్చేది ఎవరు? ప్రభువే. మీ అత్తగారిని ఎవరూ ఏమీ అడగటంలేదు. కనుక ఇది మృతులని పూజించడం కాదు. మీ అమ్మగారికి ఇక్కడ ఇంకో అభ్యంతరం మిగులుతుంది, అది గట్టిదే. ‘మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును’ అని హెబ్రీయులకు 9:27. తీర్పు అయిపోయాక ప్రార్థన దేనికి?

కతోలిక జవాబు వినండి. చాలామంది కతోలికులకే ఇది సరిగ్గా తెలియదు. ఉత్తరించు స్థలం రెండో అవకాశం కాదు. మోక్షానికీ నరకానికీ మధ్య ఊగిసలాడే చోటు కూడా కాదు. అక్కడ ఉన్నవాళ్ళందరూ రక్షింపబడినవాళ్ళే, ఒక్కరు కూడా నరకానికి పోరు. తీర్పు అయిపోయింది, వాళ్ళు గెలిచారు. దేవుని ముందు నిలబడేముందు మిగిలిన మకిలి పోగొట్టుకోవడమే అక్కడ జరిగేది. కతోలికులు 1 కొరింథీయులకు 3:13-15 చూపిస్తారు, పని కాలిపోయినా మనిషి ‘అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు’ రక్షింపబడతాడన్న మాట. 2 మక్కబీయులు 12వ అధ్యాయమూ చూపిస్తారు. యుద్ధంలో పడిన సైనికుల అంగీల కింద విగ్రహాల తాయెత్తులు దొరికితే, యూదా మక్కబీయుడు దాదాపు 2000 ద్రాక్మాల వెండి పోగుచేసి వాళ్ళ కోసం పాపపరిహార బలికి యెరూషలేముకి పంపుతాడు. ఆ గ్రంథం మీ 66 పుస్తకాల్లో లేదు, మీవారి 73లో ఉంది. కాబట్టి ఈ వచనం పెట్టి మీ అమ్మగారితో వాదించమని మీవారికి చెప్పకండి, ఆవిడ ఒప్పుకోని సాక్షిని తెచ్చినట్టు అవుతుంది. 1 కొరింథీయుల వచనాన్ని కూడా బాప్టిస్టు బోధకులు సేవకుల పనిని పరీక్షించడం గురించే అంటారు, ఆ అధ్యాయం సందర్భం చూస్తే ఆ అర్థానికీ ఆధారం ఉంది.

ఒకటి మాత్రం మీ అమ్మగారికి చెప్పదగ్గది. సంస్కరణ పక్షంవాళ్ళందరూ దీన్ని ఒకేలా కొట్టిపారేయలేదు. 1531లో లూథరన్లు తమ విశ్వాస ప్రకటనకి రాసుకున్న సమర్థనలోనే, పూర్వపు సంఘం చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించేదని ఒప్పుకుని, దాన్ని మేము నిషేధించం అన్నారు. వాళ్ళు నిషేధించింది పూజని చనిపోయినవాళ్ళ లెక్క తీర్చే సరుకుగా చూడటాన్ని. మన కోస్తా ఊళ్ళలో సమాధుల పండుగనాడు తోటకి వెళ్ళి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళలో ఆర్‌సీఎం వాళ్ళే కాదు, వేరే సంఘాలవాళ్ళూ ఉంటారు. మద్రాసులో తమిళులు కల్లరై తిరునాళ్ అనేది ఈ రోజునే.

ఇప్పుడు ముప్పై పూజల మాట. ఇక్కడ నేను కొంచెం కటువుగానే చెప్తాను. పెద్దమ్మ గారు అంటున్నవి గ్రెగోరియన్ పూజలు. చనిపోయిన ఒక్కరి పేరు మీద 30 రోజులు వరసగా, రోజుకొకటి. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగోరీ పేరుతో వచ్చిన ఆచారం. మంచి ఆచారమే. కానీ ‘ముప్పై చేయిస్తేనే బయటపడుతుంది’ అన్నది శ్రీసభ బోధ కాదు. ఇన్ని చేయిస్తే ఫలానా రోజుకి విడుదల అని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా మామూలు విచారణలో (ఒక గుడి కింద ఉండే సంఘాన్ని కతోలికులు విచారణ అంటారు) ఇది ఆచరణకి కష్టం. ఆదివారాలూ అప్పు పండుగలూ (తప్పక పూజకి వెళ్ళాల్సిన పండుగలు) వస్తే విచారణ గురువు తన విచారణ ప్రజలందరి కోసం ఒక పూజ చెయ్యాలని చట్టం, మిగతా రోజులకి వేరేవాళ్ళు అడిగినవి ముందే ఉంటాయి. అందుకే గ్రెగోరియన్ పూజలు ఎక్కువగా మఠాలకి పంపుతారు. విచారణలో ఎవరైనా ‘ముప్పై పెట్టేశాం’ అని డబ్బు తీసుకుంటే, రోజూ వరసగా ఎవరు చేస్తున్నారు అని మర్యాదగా అడగండి, అడగడం తప్పు కాదు.

ఎంత అవుతుంది అన్నారు. పూజకి వెల లేదు. ఇచ్చేది కానుక. ఎంత అన్నది ఆ ప్రాంతపు మేత్రాణులు (బిషప్పులు) కలిసి నిర్ణయిస్తారు, మీ విచారణ కార్యాలయంలో అడిగితే చెప్తారు. 1983 నాటి శ్రీసభ చట్టంలో దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. ఒక్కొక్క కానుకకి ఒక్కొక్క పూజ విడిగా చెయ్యాలి. ఇవ్వలేనివాళ్ళ ఉద్దేశం కోసం కానుక లేకుండా కూడా చెయ్యమని గురువులకి గట్టిగా చెప్పింది. బేరం అన్న వాసన కూడా రాకూడదంది. నవంబరు 2న గురువు మూడు పూజలు చెయ్యవచ్చు, 1915లో పదిహేనవ బెనెడిక్టు పోపు అందరికీ ఇచ్చిన అనుమతి అది. అందులో ఒక్కటే ఎవరైనా అడిగిన పేరు మీద. రెండోది చనిపోయిన విశ్వాసులందరి కోసం, మూడోది పోపు గారి ఉద్దేశాల కోసం. అంటే ఆ రోజు పేరు రాయించడానికి ఎవరూ లేనివాళ్ళ కోసం కూడా పూజ జరుగుతుంది. ఈ మాట పెద్దమ్మ గారికి నెమ్మదిగా చెప్పండి. అప్పుచేసి ముప్పై చేయించనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ మనసుపెట్టి పాల్గొనే ఒక్క పూజ చాలు.

పరిపూర్ణ ఫలం అంటూ ఇంకోటి వింటారు, క్షమించిన పాపానికి మిగిలిన శిక్ష పూర్తిగా తీసెయ్యడం అని. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటకి వెళ్ళి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే కతోలికుడు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం (మీరు ప్రభు రాత్రి భోజనం అనేది), పోపు ఉద్దేశాల కోసం ప్రార్థన అనే షరతులు పాటిస్తే, ఆ ఫలం చనిపోయిన ఒకరికి చెందుతుందని శ్రీసభ నేర్పుతుంది. 1517లో లూథరు 95 వాదాలు రాసింది దీన్ని డబ్బుకి అమ్మినందుకే. 1563లో త్రెంతు సభ ఆ డబ్బు వ్యవహారాన్ని రద్దు చేసింది. పాత ప్రార్థనా పుస్తకాల్లో ‘300 రోజుల ఫలం’ అని అచ్చయి ఉంటుంది, అది ఉత్తరించు స్థలంలో తగ్గే రోజుల లెక్క కాదు, ఆదికాలపు బహిరంగ ప్రాయశ్చిత్తపు లెక్క. 1967లో ఆరవ పౌలు పోపు ఆ రోజుల లెక్కే తీసేశారు. మీరు కతోలికులు కారు గనక ఇది మీకు వర్తించదు, ఇక్కడితో వదిలేద్దాం.

‘ద్వారా’ మిగిలింది. మరియమ్మ, పునీతులు. మీ సంఘంలో చెప్పకపోయినా లూథరన్, సీఎస్‌ఐ సంఘాల్లో ఆరాధనలో చెప్పే విశ్వాస ప్రమాణంలో ‘పరిశుద్ధుల సహవాసమును నమ్ముచున్నాను’ అంటారు. దాన్నే కతోలికులు పునీతుల బాంధవ్యం అంటారు. క్రీస్తులో ఉన్నవాళ్ళని చావు క్రీస్తునుంచి విడదీయలేకపోతే (రోమా 8:38-39), ఒకరినుంచి ఒకరిని కూడా విడదీయలేదు. అందుకని బతికున్న పాస్టరు గారిని ‘నాకోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ’ అని అడిగినట్టే, దేవుని సన్నిధిలో ఉన్నవాళ్ళనీ అడగవచ్చని కతోలికుల వాదన. ప్రకటన 5:8లో పెద్దలు పట్టుకున్న సువర్ణపాత్రల్లో ఉన్నది ‘పరిశుద్ధుల ప్రార్థనలు’.

ఇక్కడ బాప్టిస్టుల ఎదురు ప్రశ్న చిన్నది కాదు. పరలోకంలో ఉన్నవాళ్ళని పిలిచి అడగమని బైబిల్లో ఆజ్ఞ ఎక్కడ ఉంది? ఉదాహరణ ఎక్కడ ఉంది? ప్రకటన 5:8 వాళ్ళు ప్రార్థనలు మోస్తున్నట్టు చూపిస్తుంది గాని, మనం వాళ్ళని పిలిచినట్టు చూపించదు. కతోలికులు ఇక్కడ సంఘ సంప్రదాయాన్ని కూడా ఆధారంగా తీసుకుంటారు, మీ అమ్మగారు తీసుకోరు. ఈ ఒక్క విషయంలో రెండు ఇళ్ళకీ మధ్య ఉన్న గోడ నిజమైనదే, దాన్ని దాచడం నాకు ఇష్టంలేదు. అయితే మీకు ఊరటనిచ్చే మాట ఒకటుంది. త్రెంతు సభ పునీతులని వేడుకోవడాన్ని ‘మంచిదీ ప్రయోజనకరమైనదీ’ అంది. రక్షణకి తప్పనిసరి అనలేదు. కాబట్టి మీరు మరియమ్మకి ప్రార్థన చెప్పకపోతే మీ అత్తింటివాళ్ళ విశ్వాసాన్ని అవమానించినట్టు ఎవరూ అనలేరు. ‘మధ్యవర్తియు ఒక్కడే’ అన్న 1 తిమోతి 2:5ని కూడా ఎవరూ కాదనరు. అదే అధ్యాయం మొదటి వచనం ఇతరుల కోసం విజ్ఞాపనలు చెయ్యమంటుంది, ఆ రెండూ కలిపి చదవండి.

బోధ ఒకటి, మన జనం చేసేది ఒకటి, ఇది కూడా చెప్పాలి. ఆగస్టు 29న బెసెంట్ నగర్ వేళాంగణి మాత గుడిలో జెండా ఎక్కింది మొదలు సెప్టెంబరు 8 దాకా వచ్చే జనంలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ‘తల్లీ, మా వాడికి ఉద్యోగం ఇయ్యి, నీకు చీర పెడతా’ అన్న మొక్కులో రెండు తప్పులు ఉన్నాయి. ‘ఇయ్యి’ అన్న క్రియ మరియమ్మని ఇచ్చే మనిషిగా చేసింది, కతోలిక ప్రార్థన ఆవిడని ‘మాకొరకు ప్రార్థించండి’ అనే అడుగుతుంది. రెండోది బేరం. దీన్ని చూసి మీ అమ్మగారు ‘ఇది విగ్రహారాధన కాక ఏమిటి’ అంటే ఆ ఒక్క మాటకి నా దగ్గర వాదన లేదు. 787లో నికయలో జరిగిన మహాసభ కూడా ఆరాధన దేవునికొక్కడికే, ప్రతిమలకి గౌరవం మాత్రమే అని గీత గీసింది. ఆ గీతకి ఇవతల నిలబడ్డామా అవతల పడ్డామా అన్నది మనం వాడే క్రియాపదమే చెప్తుంది.

సాయంత్రం జపమాలకి ఇదే కొలత. జపమాలలో పదేసి చొప్పున అయిదు గుండ్ల వరసలు. ఒక్కో వరసకి ముందు పరలోక ప్రార్థన, తర్వాత పది మరియమ్మ జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. మరియమ్మ జపం రెండు ముక్కలు. ‘దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము’ అని మొదలయ్యే మొదటి ముక్క లూకా 1:28, 1:42ల నుంచి తీసిన దేవదూత పలుకూ ఎలీసబెతు పలుకూ, చివర యేసు పేరు. ‘పరిశుద్ధ మరియమ్మా’ అని మొదలై ‘ఇప్పుడును మా మరణ సమయమందును’ అని వేడుకునే రెండో ముక్క తర్వాత చేరింది, ఇప్పుడున్న రూపం 1568లో స్థిరపడింది. ఇంట్లో చెప్పేటప్పుడు నడిపించేవాళ్ళు మొదటి ముక్క అంటారు, మిగతావాళ్ళు రెండోది అందుకుంటారు. కాబట్టి ఒక వరస మీరు నడిపిస్తానని అడగండి. మీ నోటివెంట వచ్చేది లేఖన వాక్యమే, వేడుకోలు ఆ ఇంటివాళ్ళది. అదీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే పరలోక ప్రార్థన దగ్గరా స్తోత్రం దగ్గరా గొంతు కలిపి, మిగతా సేపు మౌనంగా కూర్చోండి. ఫోను చూస్తూ మాత్రం కూర్చోకండి.

పరలోక ప్రార్థనలో ఒక చిక్కు ఉంది. మీరు ‘నీ నామము’ అంటారు, వాళ్ళు ‘మీ నామము’ అంటారు. తెలుగు కతోలికులు దేవుణ్ణి ‘మీరు’ అని సంబోధిస్తారు, మీకు కొత్తగా అనిపించినా వాళ్ళతో ‘మీ’ అనండి. ఇంకోటి, మీరు అలవాటుగా ‘రాజ్యము, బలము, మహిమ’ అని కొనసాగిస్తారు, వాళ్ళు కీడునుండి రక్షించమన్న చోట ఆపేస్తారు. పూజలో అయితే అక్కడ గురువు ఒక్కడే ఒక చిన్న ప్రార్థన చెప్తాడు, అది అయ్యాకే అందరూ ఆ వాక్యం అంటారు. భావం ఒకటే, చోటు వేరు. తెలియక చాలామంది పెద్దగా ఒక్కరే చదివేసి మధ్యలో బిక్కచచ్చిపోతారు.

పూజకి వెళ్ళండి. అందరితో పాటు లేవండి, కూర్చోండి, లేఖనాలు వినండి, పాటలు పాడండి. మోకరించడం మీ ఇష్టం. సత్ప్రసాదానికి వరసలో మాత్రం వెళ్ళకండి. ఇది మిమ్మల్ని తక్కువ చెయ్యడం కాదు. అప్పమూ ద్రాక్షారసమూ నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయని కతోలికులు నమ్ముతారు, దాన్ని అందుకుని ‘ఆమెన్’ అనడం ఆ నమ్మకానికీ ఆ శ్రీసభతో ఐక్యతకీ సంతకం పెట్టడమే. మీరు నమ్మనిదానికి ఆమెన్ అనడం మీకూ న్యాయం కాదు. మీవారు ‘ఫరవాలేదు రా, ఎవరు చూస్తారు’ అన్నా వద్దనండి. మీ బాప్తిస్మం సంగతి వేరు: తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్ళతో జరిగింది కనుక కతోలిక శ్రీసభ దాన్ని గుర్తిస్తుంది. ఎవరైనా మళ్ళీ తీసుకోమంటే వాళ్ళకి చట్టం తెలియదన్నమాట.

సమాధుల తోటలో మీరు చెయ్యగలిగింది బోలెడుంది. చీపురు, నీళ్ళ డబ్బా, పాత గుడ్డ పట్టుకెళ్ళండి. రాతి మీద మైనం గడ్డలుంటే పూలు పెట్టకముందే గీకెయ్యండి. గాలికి కొవ్వొత్తి నిలవదు, గాజు గ్లాసులో కొంచెం ఇసుక పోసి గుచ్చండి. ఎండ ఎక్కేకొద్దీ జనం పెరుగుతారు, సమాధుల మధ్య నిలబడే చోటుండదు, ఫాదర్ గారు తీర్థం చల్లుతూ మీ వరస దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ వేచి ఉండే సమయమే మీది.

ఆ సమయంలో 130వ కీర్తన చదవండి. కతోలికులు శతాబ్దాలుగా చనిపోయినవాళ్ళ కోసం చదివే కీర్తన ఇదే, మీ అమ్మగారి బైబిల్లోనూ ఉంది. ‘యెహోవా, అగాధస్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను’ అని మొదలు. మూడో వచనం చూడండి: ‘నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?’ బాప్టిస్టు అయినా కతోలికుడు అయినా సమాధి ముందు నిజాయితీగా అనగలిగిన మాట ఇది. కావలివారు ఉదయం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటుంది ఆరో వచనం. దాని తర్వాత 1 థెస్సలొనీకయులకు 4:13-14. ఆపైన మీ మాటల్లో అత్తగారి కోసం దేవునికి కృతజ్ఞత చెప్పండి, మామగారికీ పిల్లలకీ ఓదార్పు అడగండి. వాళ్ళు నిత్య విశ్రాంతి ప్రార్థన చెప్పేటప్పుడు ఆమెన్ అనాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి తేల్చుకోవాలి. అనకపోయినా చేతులు కట్టుకుని తల వంచి నిలబడితే అది అబద్ధం కాదు, అమర్యాదా కాదు.

ఇదంతా మీవారితో ఈ వారంలోనే, ఇంట్లో, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. సమాధి ముందు బంధువుల మధ్య ‘నేను ఇది అనను’ అన్నారా, ఆ రోజు సంగతి ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. అమ్మగారికి దాచిపెట్టి వెళ్ళకండి, ఫోటోలు ఎలాగూ వాట్సాప్‌లో ఒంగోలు చేరతాయి. వెళ్ళకముందే ఫోను చేసి, ‘అమ్మా, అత్తయ్యని నేను ఏమీ అడగటంలేదు. దేవుడికే మొరపెడుతున్నాం. నేను 130వ కీర్తన చదువుతాను, నువ్వూ ఆ పొద్దున్న అదే చదువు’ అనండి. ఆవిడ కాదంటే కాదననివ్వండి, వాదనకి దిగకండి.

చివరగా చిన్న విషయం. మీ బైబిల్లో ఆ కీర్తన మాటలు ఒకలా ఉంటాయి, మీవారి కతోలిక అనువాదంలో ఇంకోలా ఉంటాయి. ఇద్దరూ కలిసి చదవాలనుకుంటే ఏదో ఒక పుస్తకమే పట్టుకెళ్ళండి, లేకపోతే రెండో వచనానికే గొంతులు విడిపోతాయి. పేజీలో ముందురోజు రాత్రే చీటీ పెట్టి ఉంచండి.